తొట్టెల కాడికి వచ్చినోళ్లు

మా దిక్కు ఇంట్ల బిడ్డ పుట్టిందంటే ఊరు అడిగే మొదటి మాట "ఆడా, మొగా?" అనే. మా మాదిగ వాడల దాని వెనకనే ఇంకో మాట వచ్చేది: "సూడబోయేది ఎన్నడు?" ఈ రెండో మాటకు పెద్ద చరిత్ర ఉన్నది. దాన్ని ఎవరూ చరిత్ర అనలేదు. చరిత్ర అంటే కోటలు, ఫర్మానాలు, యుద్ధాలు అని మనకు బడిల చెప్పిండ్రు. బాలింతను చూడవచ్చిన చుట్టం చేతుల ఏం పట్టుకొచ్చింది, వచ్చినంక ఏం అడిగింది, ఆ అడిగినదాని కోసం ఏ ఇల్లు అప్పుల పడ్డది, ఇది కూడా చరిత్రే. ఇందుల కులం ఉంది, కూలి ఉంది, ఆడదాని ఒళ్లు ఉంది. నేను పుట్టిన నర్సింహులపేట కాడ నిలబడి ఈ లెక్క చెప్పాలనుకుంటున్న. మా మండలం 2016 అక్టోబరు దాక వరంగల్ జిల్లాల ఉండె, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాల ఉన్నది. మేం మాత్రం మహబూబాబాద్‌ను ఎప్పుడూ మానుకోట అనే అంటం.

ముందుగాల గడి సంగతి చెప్పుకోవాలె. నైజాం కాలంల దొర ఇంట్ల శుభమైతే చుట్టాలు దొరకు, ఖర్చు ఊరికి. వెట్టి గురించి పుచ్చలపల్లి సుందరయ్య మొదలుకొని పోరాట చరిత్ర రాసినవాళ్లందరూ కులం వారీగా పట్టీ ఇచ్చిండ్రు. గొల్లలు గొర్రెలియ్యాలె. గౌండ్లోళ్లు కల్లు కుండలు దించాలె. కుమ్మరోళ్లు కుండలు మోసుకరావాలె. చాకలోళ్లు గుడ్డలుతకాలె, పక్కలెయ్యాలె. మాదిగోళ్లు చెప్పులు కుట్టియ్యాలె, డప్పు కొట్టాలె, కబురు మోయాలె. దొర కోడలు ప్రసవించిందని చుట్టాల ఊర్లకు కాలినడకన పోయి చెప్పేది వెట్టి మనిషే. ఆ చుట్టాలు బండ్లు కట్టుకొని వస్తే ఎడ్లకు మేత ఏసేదీ వెట్టి మనిషే. దొరకు బిడ్డ పుట్టినా, పెండ్లి అయినా రైతులు నజరానా కట్టాలె. అంటే గడిల పుట్టిన బిడ్డను చూడబోవుడు మావోళ్లకు మర్యాద కాదు, పన్ను. చేతులు నిండా తీసుకపోవాలె, బిడ్డ మొఖం మాత్రం చూడొద్దు. గడి వాకిట్లనే మొక్కి మళ్లాలె.

అదే కాలంల మా వాడల బిడ్డ పుడితే ఏమయ్యేది? జనగామ తాలూకా విసునూరు దేశ్‌ముఖుల ఏలుబడి గురించి అదే పోరాట చరిత్రలు ఒక మాట చెప్తయి. మూడు దినాల బాలింతను కూడా పసిపిల్లను ఇంట్ల విడిచి చేన్లకు రమ్మనేటోళ్లట. మా అవ్వలు చెప్పిన మాటలకు, పుస్తకాల మాటకు తేడా లేదు. బాలింతకు నెల తిరిగేదాక చల్లగాలి తగలొద్దని, తడి ముట్టొద్దని ఊర్ల శాస్త్రం చెప్పేటోళ్లే నాటు కాలం వస్తే మా తల్లులను మోకాటి లోతు బురదల దింపిండ్రు. పురిటి మైల వాళ్ల ఇంటి ఆడోళ్లకు ఇరవై ఒక్క దినాలు. మా ఆడోళ్లకు పని పడ్డదాకనే. 1946 జూలై 4న కడవెండిల దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు నేలకొరిగిండు. ఆనాడు లేచిన జనంల భూమి కోసం, పంట కోసం లేచినోళ్లే కాదు, పాలు చేపి రొమ్ములు గడ్డలు కట్టిన తల్లులు కూడా ఉన్నరు. ఆ బాధ ఏ తీర్మానంలకు ఎక్కలేదు.

మా నాయినమ్మ మంత్రసాని. కాన్పులు చేసే పని కొన్ని ఊర్లల్ల మంగలి ఆడోళ్లది, కొన్ని ఊర్లల్ల మాల మాదిగ ఆడోళ్లది. మా ఇంట్ల అది నాయినమ్మకు వాళ్ల అవ్వ నుంచి వచ్చిన విద్య. అర్ధరాత్రి కందిలి పట్టుకొని జీతగాడు వచ్చి పిలిస్తే ఊర్లకు పోయేది. ఊర్ల పెద్దిండ్లల్ల పుట్టిన పిల్లలను భూమ్మీద మొదట పట్టుకున్నది ఆమె చేతులే. బొడ్డు కోసింది, మాయ బొంద పెట్టింది, ఉడుకునీళ్లు పోసింది, రక్తపు గుడ్డలు ఉతికింది. అట్ల కొన్ని దినాలు ఆమె ఆ ఇంట్ల అన్ని అర్రలు తిరిగేది. ఇరవై ఒకటో దినం అయ్యగారు వచ్చి పుణ్యావచనం చేసి, ఇల్లంత పసుపునీళ్లు చల్లినంక ఆమెకు మళ్లా గడప అడ్డం వచ్చేది. చుట్టాలు తొట్టెల చుట్టూ కూసుంటే ఆమె వాకిట్ల నిలబడేది. చాటెడు వడ్లు, ఒక పాత చీర పైనుంచి ఒడిల పోసేటోళ్లు. ఆమె ఇస్తరి పశువుల కొట్టం దిక్కు పడేది. ఇంతకు ఆ గడపల శుద్ధి చేసింది దేన్ని? పురిటి మైలనా, మా నాయినమ్మనా? అంటరానితనం ఎట్ల పుట్టిందని ఈ తరం విద్యార్థులు నన్ను అడిగితే నేను ఆ పసుపునీళ్ల సంగతి చెప్త. అవసరం ఉన్నన్ని దినాలు అంటు లేదు. అవసరం తీరిన్నాడు అంటు పుట్టింది.

ఊర్ల నుంచి ఎవ్వరూ మా వాడకు బిడ్డను చూడ రాలేదు. నాయినమ్మ చేతుల పుట్టిన పిల్లలే పెద్దయి, ఆమె మనుమలను "ఏందిరా" అని పిలిచిండ్రు. అందుకే మా వాడకు మా వాడనే చుట్టం అయింది.

పాత ముసలోళ్లను అడిగి నేను జమచేసుకున్న మాట ఇది. మా వాడల చూడబోవుడు అంటే మొదట్ల తినబోవుడు కాదు, చేయబోవుడు. వచ్చే ఆడమనిషి కొంగుల సోలెడు పాత బియ్యం, నాలుగు ఎల్లిగడ్డలు, ఒక కుడుక, బెల్లం ముక్క, కలిగితే ఇంత శొంఠి తెచ్చేది. వచ్చి ఊకె కూసునేది కాదు. ఒకామె నీళ్లు కాగబెట్టేది. ఒకామె బాలింతకు నడుము కట్టు కట్టేది. ఒకామె పసిదాన్ని కాళ్ల మీద పండబెట్టుకొని నీళ్లు పోసేది. పాలు చాలని తల్లి బిడ్డకు ఇంకో చంటిబిడ్డ తల్లి రొమ్మిచ్చేది. అన్నిటికంటె పెద్ద సాయం బదులు పోవుడు. నాట్ల ముఠాల బాలింత జాగ పోకుంట ఆమె వదినెనో, చెల్లెనో ఆమె బదులు నాలుగు దినాలు నాటేసి ఆ కూలి గింజలు తెచ్చి ఇంట్ల పోసేది. సర్కారు ఇయ్యని ప్రసూతి సెలవును మా చుట్టాలు ఇచ్చిండ్రు. కాయితం లేదు, సంతకం లేదు. వాళ్ల ఇంట్ల కాన్పయితే వీళ్లు పోవాలె. అదే ఒప్పందం.

దాని పక్కనే ఇంకో ఆచారం పెరిగింది. అదే తొట్టెల. ఇరవై ఒకటో దినం తల్లిగారింట్ల బిడ్డను తొట్టెల్ల ఏస్తరు. అత్తగారి దిక్కు నుంచి బలగమంత వస్తది. బిడ్డకు అంగీలు, కుల్లలు, చేతనైతే వెండి మొలతాడు తెస్తరు. వచ్చినోళ్లకు యాట కొయ్యాలె, కల్లు పోయాలె. మ్యానత్త బిడ్డను తొట్టెల్ల ఏసి చెవుల పేరు చెప్తది. ఆమెకు చీర పెట్టాలె. చీర తక్కువదైతే పేరు చెప్పే నోరు లేవదు. అల్లునికి ధోతి, వియ్యపురాలికి రవికెగుడ్డ. ఎవరికి ఏ ముక్క పడ్డది, ఎవరికి బొక్క పడ్డది అనేది ఏండ్ల తరబడి చెప్పుకునే మాట అయితది.

1984ల మా అక్కకు తొలి కాన్పు. ఆడపిల్ల పుట్టింది. అక్క అత్తగారిది ఆకేరు వాగు అవతలి ఊరు. తొట్టెలకు ముప్పై మందిమి వస్తమని కబురు పంపిండ్రు. మా నాయినకు భూమి లేదు. ఆ ముందటేడు 1983ల కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది. ఇంట్ల ఆ కంట్రోల్ బియ్యమే తింటుంటిమి. వియ్యాలోళ్లకు ఆ దొడ్డు బియ్యం ఎట్ల పెడ్తం, నామోషి కాదా అన్నడు నాయిన. నాకు ఆ లెక్క ఇప్పటికీ నోటికున్నది: యాటకు 220 రూపాయలు, వెండికి 165, సన్న బియ్యానికి 90, కల్లుకు 60, మ్యానత్త చీరకు 45, ఉప్పు పప్పు నూనెకు 20. మొత్తం 600. ఆ ఆరు వందలు ఊర్ల ఒక పటేలు దగ్గర తెచ్చిండు. అప్పు కింద మా అన్నను జీతం పెట్టిండు. అన్నకు పదకొండేండ్లు, ఐదో తరగతి. వెట్టి కార్మిక వ్యవస్థను రద్దు చేస్తూ 1976ల పార్లమెంటు చట్టం చేసి అప్పటికే ఎనిమిదేండ్లయింది. ఆ చట్టం సంగతి పటేలుకు తెలిసే ఉంటది. మా నాయినకు తెల్వదు. ముప్పై మంది ఒక్క పూట తిన్న కూటికి అన్న రెండేండ్లు పేడ ఎత్తిండు, ఎడ్లు కాసిండు. మళ్లా బడి మొఖం చూడలేదు. నేను చదువుకున్న, వాడు చదువుకోలే. మా ఇద్దరి నడుమ ఉన్నది తెలివి తేడా కాదు, ఒక తొట్టెల.

ఇట్ల చెప్తే చుట్టాల మీద కోపం వస్తది. కాని కోపంతోని చరిత్ర అర్థం కాదు. ఆ ముప్పై మంది ఎవరు? దినమంత ఊర్ల "ఒరేయ్" అని పిలిపించుకునేటోళ్లు. హోటల్ల వేరే గిలాసల చాయ తాగేటోళ్లు. దొర ఎదురొస్తే చెప్పులు చేతుల పట్టుకున్నోళ్ల కొడుకులు. ఏడాదిల ఒకటి రెండు దినాలే వాళ్లకు మనిషి మర్యాద దొరికేది. చుట్టంగ పోయిన్నాడు మంచం వాల్చి కూసుండబెడ్తరు, కాళ్లకు నీళ్లిస్తరు, "బావా తిను, మామా ఇంకొంచెం" అని బతిమాలుతరు. ఊరు ఎగ్గొట్టిన గౌరవాన్ని వాళ్లు వియ్యంకుని ఇంట్ల వసూలు చేసుకున్నరు. వాళ్లు అడిగింది కూర కాదు, విలువ. ఆ విలువ బాకీ పడ్డది ఊరు. కట్టింది మా అసొంటి ఇంకో మాదిగాయన. అప్పిచ్చి లాభపడ్డది మళ్లా ఊరే. అవమానం వాళ్లదే, దానికి మందు కొనేటందుకు అప్పిచ్చి మిత్తి తీసుకున్నదీ వాళ్లే. కులం ఎంత చక్కగ నడుస్తదో ఈ ఒక్క లెక్కల కనబడ్తది.

ఈ లెక్కల ఆడోళ్లది ఇంకో లెక్క. కాన్పు ఖర్చు తల్లిగారిదే, తొట్టెల ఖర్చు తల్లిగారిదే. ఆడపిల్ల పుడితే వచ్చినోళ్ల మొఖాలు ముడుచుకుంటయి గాని ముక్కలు తగ్గయి. బిడ్డను కన్నామె పేరు మీద ఇంత పండుగైతే, ఆమె పచ్చి ఒంటితోని అర్రల కూసొని, ఒచ్చినోళ్లందరు తిన్నంక మిగిలింది తింటది. యాట ఆమె పేరు మీద తెగుద్ది, షోర్వా ఆమె దాక రాదు. మా అక్క ఆ దినం ఎల్లిపాయ కారంతోని తిన్నది. నేను కండ్లార చూసిన. దళిత సాహిత్యంల ఊరు మనల్ని చేసింది రాస్తున్నం, మంచిదే. వాడల మొగోళ్లు ఆడోళ్లను చేసింది కూడా రాయకుంటే సగం చరిత్రే రాసినోళ్లమైతం.

ఈ సంగతి మనవాళ్లు ఎన్నడూ పట్టించుకోలేదా అంటే, పట్టించుకున్నరు. హైదరాబాద్‌ల భాగ్యరెడ్డి వర్మ 1906ల జగన్మిత్ర మండలి పెట్టిండు, 1911ల మన్యసంఘం పెట్టిండు. అంటరానితనం మీద, జోగిని ఆచారం మీద, బాల్యవివాహాల మీద కొట్లాడినట్టే శుభకార్యాలల్ల తాగుడు వద్దని వాడ వాడ తిరిగి చెప్పిండు. కొంతమంది దీన్ని పైకులాల అనుకరణ అంటరు. నేను అట్ల అనుకోను. తాగుడు ఖర్చుతోనే జీతానికి కుదురుడు మొదలైతదని ఆయనకు తెలుసు. మా దగ్గరి డోర్నకల్‌ల 1912ల అజరయ్య బిషప్ అయిండు. ఆంగ్లికన్ సంఘంల మొదటి భారతీయ బిషప్ ఆయన. ఆ సంఘంల వేల మంది మాల మాదిగలు చేరిండ్రు. వాళ్లకూ తాగుడు విడువుమనే చెప్పిండ్రు. చర్చిల చేరిన మా చుట్టాల ఇండ్లల్ల తొట్టెల నాడు ప్రార్థన పెట్టేటోళ్లు. చాయ, బూందీతోని పోయేది. అటువంటి ఇండ్లల్ల పిల్లలు బడికి పోయిండ్రు. ఇది మతం మహిమ అని నేను చెప్తలేను. ఆరు వందలు మిగిలిన మహిమ.

1992ల నెల్లూరు జిల్లా దూబగుంట ఆడోళ్లు సారా మీద లేస్తే 1993 అక్టోబరు 1న ఆంధ్రప్రదేశ్‌ల సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిల సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997ల దాన్ని సడలించిండ్రు. ఆ నడుమ కొన్నేండ్లు మా వాడల తొట్టెలలు తక్కువ ఖర్చుతోని జరిగినయి. సీసా లేదంటే చుట్టాలు అలగలేదు, సర్కారు మీద ఏసి సర్దుకున్నరు. అంటే అడుగుడు ఆచారంల లేదు. దొరుకుతదని తెలిసిన కాడ అడుగుతరు, అంతే.

అంబేడ్కర్ ఈ సమస్యను ఇంకో మూలకెల్లి చూసిండు. 1928 జూలైల బొంబాయి శాసనమండలిల మిల్లు ఆడోళ్ల ప్రసూతి బిల్లు మీద మాట్లాడిండు. కాన్పుకు ముందు, తర్వాత తల్లికి విశ్రాంతి ఇచ్చుడు దేశానికే మేలని, దాని భారం సర్కారు, యజమాని మొయ్యాలని వాదించిండు. 1929ల అక్కడ చట్టమైంది. దేశమంతటికి 1961ల ప్రసూతి ప్రయోజన చట్టం వచ్చింది. 2017ల సెలవు 26 వారాలు చేసిండ్రు. కాని ఆ చట్టం ఫ్యాక్టరీకి, గనికి, తోటకు, పది మంది పనిచేసే దుకాణానికి. నాటు ఏసే ఆడదానికి యజమాని రోజుకొకడు. ఆమె పేరు ఏ రిజిస్టర్ల ఉంటది? 2017లనే తెలంగాణల కేసీఆర్ కిట్ వచ్చింది. సర్కారు దవాఖానల కాన్పయితే ఆడపిల్లకు 13 వేలు, మొగపిల్లగానికి 12 వేలు విడతలుగ ఇస్తమన్నరు. కేంద్రం మాతృవందన పథకం కింద తొలి కాన్పుకు 5 వేలన్నరు. ఇవి కూలి ఆడదాని చేతికి వచ్చిన ప్రసూతి పైసలు. చిన్నయి అని తీసేసేటియి కావు.

ఆ పైసలు యాడికి పోతున్నయి? మా అక్క మనుమరాలు పుట్టినప్పుడు దవాఖానల ఆయా బిడ్డను చేతికియ్యక ముందే చెయ్యి చాపింది. మొగపిల్లగాడైతే ఎక్కువ, ఆడపిల్లయితే తక్కువ, రేటు ఉన్నదట. చూడవచ్చిన చుట్టం కాదు గాని ఆమె కూడా చూపించినందుకు కట్నం అడిగింది. ఇరవై ఒకటికి టెంటు, ఫ్లెక్సీ, కేకు. కల్లు పోయి సీసాలు వచ్చినయి. పదకొండేండ్ల పిల్లగాన్ని జీతం పెట్టే కాలం పోయింది గాని మహిళా సంఘంల ఎత్తిన లోను ఉన్నది, ఫైనాన్సోళ్ల వారం కిస్తీ ఉన్నది. బదులు నాటు ఏసే చుట్టం మాత్రం కనబడదు. నాట్లు ముఠాలకు గుత్తకు పోయినయి, కొన్ని కాడ మిషన్లు వచ్చినయి. వచ్చిన చుట్టం ఫొటో దిగి, తిని, కట్నం బుక్కుల రాయించి పోతది. బాలింత గుడ్డలు ఎవరు ఉతికిండ్రు అంటే జవాబు లేదు.

కాబట్టి మన ఆచారమే గొప్పది అనేటోళ్లతోని నాకు పేచీ ఉంది, ఆచారాలన్ని తగలబెట్టాలె అనేటోళ్లతోని కూడా ఉంది. మా తొట్టెల్ల రెండు చరిత్రలు కలిసున్నయి. ఒకటి కొంగుల సోలెడు బియ్యం కట్టుకొని వచ్చి, నాలుగు దినాలు బదులు పనికి పోయిన ఆడోళ్లది. అది మన సొంతం. రెండోది గడిల నజరానా చూసి, దొర చుట్టాల మర్యాద చూసి, మనకూ ఒక్కనాడు అట్ల జరగాలె అని ఆశపడ్డ మొగోళ్లది. ఆ ఆశ తప్పు కాదు. అది అడగవలసిన జాగ వియ్యంకుని ఇల్లు కాదు, ఊరు. మంచినీళ్ల బాయి కాడ, హోటల్ల, గుడిల, పంచాయతీ ఆఫీసు కుర్చీల అడగాలె. అక్కడ కొట్లాడలేని దినాలల్ల మనోళ్లు ఆ మర్యాదను యాట కూరల దేవులాడుకున్నరు. ఇయ్యాల సంఘాలున్నయి, జెండాలున్నయి, చదువుకున్న పిల్లలున్నరు.

వాడల తిరిగే కార్యకర్తలకు, హాస్టళ్ల నుంచి ఇండ్లకు పోయే విద్యార్థులకు ఒక పని చెప్త. ఈసారి మీ ఇంట్ల కాన్పయితే కట్నాల బుక్కు పక్కకు ఇంకో బుక్కు పెట్టుండ్రి. ఎవరు ఏం పెట్టిండ్రు అని కాదు, ఎవరు ఏం చేసిండ్రు అని రాయుండ్రి. నీళ్లు పోసినామె పేరు, గుడ్డలు ఉతికినామె పేరు, దవాఖానకు తోడుపోయి రాత్రంత కింద పండుకున్నామె పేరు. మా నాయినమ్మ పేరు ఏ కాయితంల లేదు. ఆమె చేతుల ఎంతమంది పుట్టిండ్రో లెక్క లేదు. మ్యానత్త చీర ధర మాత్రం నలభై ఐదు రూపాయలని మా ఇంట్ల అందరికీ యాదికున్నది.